నల్లగొండలో సి భాషా తరగతులు: మూడో ఆదివారం పాఠం ఒక్కటి చాలు

నేను మిర్యాలగూడలోని ఒక బియ్యం మిల్లులో కాంటా దగ్గరి కంప్యూటర్ చూసుకుంటాను. ధాన్యం లారీల తూకాలను ఒక ఫైలు చివర చేర్చే చిన్న సి ప్రోగ్రాం నేనే రాశాను. చేత్తో నడిపినన్నాళ్లు అది సరిగ్గానే పనిచేసింది. రాత్రి పదింటికి దానంతట అదే నడిచేలా క్రాన్‌కు (చెప్పిన సమయానికి ప్రోగ్రాంలను నడిపే సాధనానికి) అప్పగించిన తర్వాత మాత్రం తూకాల ఫైలులో కొత్త వరుస ఒక్కటీ చేరలేదు, తప్పు జరిగినట్టు సందేశమూ రాలేదు. పదకొండు రోజులకు ఆ వరుసలన్నీ నా హోం డైరెక్టరీలో, అదే పేరుతో పుట్టిన మరో ఫైలులో కనిపించాయి. ఇలా ఎందుకు జరిగిందో తెలుసుకోవాలనే నల్లగొండ గడియారం సెంటర్‌కు దగ్గరలోని ఒక శిక్షణ కేంద్రంలో, నాలుగు ఆదివారాలు సాగే సి తరగతుల్లో చేరాను.

మొదటి రెండు వారాలు పాయింటర్లు, ఫైళ్లతో గడిచాయి. వాటిని ఎక్కడైనా నేర్చుకోవచ్చు. మూడో ఆదివారం పాఠం కోసమే ఈ కేంద్రానికి వెళ్లవచ్చని నేను నమ్ముతున్నాను. ఆ రోజు సార్ ఒకే ప్రోగ్రాంను రెండు వేర్వేరు డైరెక్టరీల నుంచి నడిపి, ప్రోగ్రాం ప్రస్తుతం ఏ డైరెక్టరీలో ఉందో చెప్పే గెట్‌సీడబ్ల్యూడీ (getcwd) ఫంక్షన్ రెండుసార్లూ వేర్వేరు దారులు (పాత్‌లు) చూపడం మా కళ్ల ముందే ఉంచారు. నకిరేకల్‌లో ఇల్లున్న మనిషి నల్లగొండ బస్టాండులో నిలబడి ఉన్నప్పుడు ఎక్కడున్నావని ఫోనులో అడిగితే బస్టాండనే చెబుతాడు తప్ప ఇంటి చిరునామా చెప్పడని, ప్రోగ్రాం ఫైలు ఉన్న చోటు ఇల్లయితే వర్కింగ్ డైరెక్టరీ అది ఇప్పుడు నిలబడిన చోటని ఆయన వివరించారు. నా మిల్లు సమస్య అక్కడే విడిపోయింది: క్రాన్ నా ప్రోగ్రాంను హోం డైరెక్టరీలో నిలబెట్టి నడిపింది, నేను ఫైలుకు పూర్తి దారి ఇవ్వకుండా పేరు మాత్రమే ఇచ్చాను, చేర్చే పద్ధతిలో తెరవమన్నందున, ఫైళ్లు తెరిచే ఎఫ్‌ఓపెన్ ఫంక్షన్ అక్కడ ఫైలు లేకపోయినా కొత్తది సృష్టించుకుంది.

డైరెక్టరీ అన్న భావన ప్రామాణిక సి భాషలో లేదని, గెట్‌సీడబ్ల్యూడీ పోసిక్స్ (యునిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణం) నుంచి వచ్చిందని, అందుకే యూనిస్టెడ్ (unistd.h) హెడర్ చేర్చుకోవాలని ముందే చెప్పడం నాకు నచ్చింది. అంతకన్నా నచ్చినది, ఫంక్షన్ విఫలమయ్యే సందర్భాలను దగ్గరుండి చూపించడం. దారిని రాసుకోవడానికి ఇరవై బైట్ల బఫర్ (మెమరీలో చోటు) ఇచ్చి పొడవైన దారిలో నడిపితే విఫలమైందని చెప్పే నల్ తిరిగి వచ్చింది, తప్పు సంకేతం నిలిచే ఎర్రనోలో చోటు చాలదనే ఈరేంజ్ చేరింది. అప్పుడు బఫర్‌ను రెట్టింపు చేసి మళ్లీ అడిగే లూప్‌ను మా చేతనే రాయించారు. ఆ తర్వాత ఒక ఖాళీ డైరెక్టరీలో ప్రోగ్రాంను ముప్పై సెకన్లు నిద్రపుచ్చి, ఈలోగా మరో టెర్మినల్ నుంచి ఆ డైరెక్టరీనే తొలగించారు. నిద్ర లేచిన ప్రోగ్రాం తానున్న చోటు అడిగితే అలాంటి చోటే లేదనే ఈనోయెంట్ వచ్చింది. నిలబడిన నేలే లేకుండా పోయినప్పుడు కూడా ప్రోగ్రాం నడుస్తూ ఉండగలదని ఆ రోజే తెలిసింది.

లినక్స్‌లో బఫర్, దాని పరిమాణాలకు బదులు నల్, సున్నా ఇస్తే అక్కడి సి లైబ్రరీ గ్లిబ్‌సీయే కావలసినంత మెమరీ తెచ్చి ఇస్తుందని, దాన్ని ఫ్రీ చేసే బాధ్యత మనదేనని, పోసిక్స్ మాత్రం ఈ సౌకర్యానికి హామీ ఇవ్వదని కూడా చెప్పారు. బఫర్ పరిమాణం అడగకుండానే రాసేసే పాత ఫంక్షన్ గెట్‌డబ్ల్యూడీని 2008 పోసిక్స్ నుంచి తొలగించారు కనుక దాని జోలికి పోవద్దన్నారు.

లోపాలు చెప్పకపోతే ఈ సమీక్ష నిజాయితీగా ఉండదు. విండోస్ భాగాన్ని పది నిమిషాల్లో ముగించారు. అక్కడ డైరెక్ట్ (direct.h) హెడర్‌లోని అండర్‌స్కోర్ గెట్‌సీడబ్ల్యూడీ వాడాలని చెప్పి వదిలేశారు, తరగతిలో ఎక్కువ మంది ల్యాప్‌టాప్‌లు విండోస్‌వే. ఒక ప్రాసెస్‌లోని (నడుస్తున్న ప్రోగ్రాంలోని) థ్రెడ్లన్నిటికీ, అంటే అందులో ఏకకాలంలో సాగే పనులన్నిటికీ, వర్కింగ్ డైరెక్టరీ ఒక్కటేనని, ఒక థ్రెడ్ డైరెక్టరీ మార్చే సీహెచ్‌డిర్ ఫంక్షన్‌ను పిలిస్తే మిగతావాటికీ చోటు మారుతుందని అసలు ప్రస్తావించలేదు. కరెంటు పోతే ఇన్వర్టర్ కిటికీ వైపు వరుసకే అందుతుంది.

అన్నిటికన్నా పెద్ద లోపం చేతికిచ్చే నోట్స్. తరగతిలో అంత శ్రద్ధగా నేర్పిన విషయానికి నోట్స్‌లో యాభై అక్షరాల అర్రే, నల్ వచ్చిందో లేదో చూడకుండానే అచ్చు వేసే ప్రింటెఫ్ ఉన్నాయి. లినక్స్‌లో దారి పొడవుకు పరిమితి చెప్పే పాత్‌మాక్స్ విలువే 4096. తరగతికి రాలేక ఆ కాగితాలు మాత్రమే చదివిన విద్యార్థి, దారి పొడవైన రోజున అర్రేలో ఏముందో తెలియని చెత్తను అచ్చు వేసుకుంటాడు.

ఇప్పుడు నా ప్రోగ్రాం మొదలవగానే తానున్న చోటును లాగ్‌లో రాసి, సీహెచ్‌డిర్‌తో మిల్లు డైరెక్టరీలోకి వెళ్లి, వెళ్లలేకపోతే ఫైలు తెరవకుండానే ఆగిపోతుంది. నోట్స్ సంగతి సార్‌కు చూపిస్తే వెంటనే ఒప్పుకొని నా ప్రతిలో పెన్నుతో దిద్ది ఇచ్చారు. తర్వాతి బ్యాచ్‌లో చేరిన మా తమ్ముడి చేతికి మాత్రం అదే పాత జిరాక్సు వచ్చింది. చేరేవారు ఆ పేజీని ముందు దిద్దించుకోండి, కిటికీ వైపు కూర్చోండి.