తిరస్కరించిన రికార్డు ఎక్కడ దొరుకుతుంది? మూడు డేటా ఇంటిగ్రేషన్ టూల్స్ పరిశీలన

అమీర్‌పేట శిక్షణ సంస్థల బోర్డులపై ఇన్ఫర్మాటికా, డేటాస్టేజ్ వంటి, ఒక చోటి డేటాను తీసి, మార్చి, మరో చోటికి చేర్చే టూల్స్ పేర్లు మనకు ఏళ్ల తరబడి పరిచయం. అక్కడ నేర్చుకున్నవారు ఏ డేటా ఎలా మారి ఎక్కడికి వెళ్లాలో చూపే మ్యాపింగ్‌ను చక్కగా గీస్తారు. అయితే ఆ మ్యాపింగ్ నడిచేటప్పుడు డేటా ఇచ్చే సోర్స్ డేటాబేస్ మీద ఎంత భారం పడుతోందో గమనించవలసిందీ, అర్ధరాత్రి లోడ్ (డేటాను చేర్చే పని) ఆగిపోతే లేచి చూడవలసిందీ డేటాబేస్ నిర్వాహకులైన డీబీఏలే. వారి కోసమే ఇన్ఫర్మాటికా పవర్‌సెంటర్, మైక్రోసాఫ్ట్ ఎస్ఎస్ఐఎస్ (ఎస్‌క్యూఎల్ సర్వర్ ఇంటిగ్రేషన్ సర్వీసెస్), ఒరాకిల్ డేటా ఇంటిగ్రేటర్ అనే మూడింటిని ఇక్కడ రెండు ప్రశ్నలతో పరిశీలిస్తున్నాను. డేటాను మార్చే పని ఏ సర్వర్ మీద జరుగుతుంది? టూల్ తిరస్కరించిన రికార్డు మనకు ఎక్కడ దొరుకుతుంది?

ఈ రెండో ప్రశ్న ఎంత ముఖ్యమో నాకు ఒక పేరు నేర్పింది. పేర్లను తెలుగు లిపిలోనే భద్రపరచవలసిన పనిలో, మా బృందం ఒరాకిల్‌లో పేరు కాలమ్‌కు 30 అని పొడవు ఇచ్చి ఊరుకుంది. ‘శ్రీనివాసరావు’ చూడటానికి ఆరు అక్షరాలే. కానీ యూనికోడ్ లెక్కలో అది 13 సంకేతాలు, వాటిని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్ల చొప్పున 39 బైట్లు. ఒరాకిల్ సహజంగా పొడవును బైట్లలోనే లెక్కిస్తుంది కనుక, విలువ కాలమ్‌లో పట్టదని చెప్పే ఓఆర్ఏ-12899 దోషంతో లోడ్ ఆగింది. తప్పు పూర్తిగా మా డిజైన్‌దే. అప్పటినుంచి ఏ టూల్‌ను పరీక్షించినా ఇలాంటి పేర్లున్న ఫైలునే ముందుగా ఇస్తున్నాను.

ఒరాకిల్ డేటా ఇంటిగ్రేటర్ మూలం 2006లో ఒరాకిల్ కొనుగోలు చేసిన సునాప్సిస్ సంస్థ ఉత్పత్తి. దీనికి మార్పిడి కోసం ప్రత్యేక ఇంజన్ ఉండదు. నాలెడ్జ్ మాడ్యూల్స్ అనే సిద్ధ నమూనాలు డేటాబేస్ భాష అయిన ఎస్‌క్యూఎల్‌ను తయారుచేస్తాయి, డేటా చేరవలసిన టార్గెట్ డేటాబేస్ దాన్ని అమలు చేస్తుంది. సీ డాలర్ (C$), ఐ డాలర్ (I$) అని మొదలయ్యే తాత్కాలిక టేబుల్స్ ద్వారా డేటా ఏ దశలో ఉందో మనకు తెలిసిన ఎస్‌క్యూఎల్‌తోనే చూసుకోవచ్చు. క్వెరీని డేటాబేస్ ఎలా నడుపుతుందో చూపే ఎగ్జిక్యూషన్ ప్లాన్‌ను చదవగలిగిన డీబీఏకు ఇంతకంటే హాయి లేదు. తనిఖీ చేసే కంట్రోల్ దశను అమర్చుకుంటే ప్రైమరీ కీ, ఫారిన్ కీ వంటి నిబంధనలకు తగని రికార్డులు ‘ఈ డాలర్’ (E$) అని మొదలయ్యే టేబుల్‌లోకి వెళ్తాయి. కానీ పొడవు దాటిన పేరును ఆ దశ పట్టుకోదు. ఒకే ఇన్సర్ట్ వాక్యంలో లక్షల రికార్డులు వెళ్తున్నప్పుడు ఒక్క పేరు పొడవు మించినా ఆ వాక్యం మొత్తం వెనక్కి వస్తుంది.

ఎస్ఎస్ఐఎస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2005తో పాత డీటీఎస్ టూల్ స్థానంలోకి వచ్చింది. ఇది డేటాను తన మెమరీ బఫర్లలోకి తీసుకుని అక్కడే మారుస్తుంది. సార్ట్ వంటి అంశం పెడితే మొత్తం డేటా చేరేదాకా ముందుకు కదలదు కనుక, సాధ్యమైనంతవరకు ఆ పనిని సోర్స్ క్వెరీలోనే చేయించుకోవాలి. తెలుగు పేరును లాటిన్ కొలేషన్ ఉన్న, అంటే లాటిన్ అక్షరాలకే అమర్చిన వార్‌కార్ (varchar) కాలమ్‌లోకి నేరుగా ఎస్‌క్యూఎల్ సర్వర్ సొంత భాష టీ-ఎస్‌క్యూఎల్‌తో పంపితే ఏ దోషమూ చూపకుండా ప్రశ్నార్థకాలుగా మారిపోతుంది. ఎస్ఎస్ఐఎస్‌లో అదే మార్పిడి చేయబోతే ఆ కాలమ్ కోడ్ పేజీలో (అక్షరాల పట్టికలో) ఆ అక్షరానికి జోడు లేదని చెప్పి ఆపుతుంది, లేదా మనం అమర్చిన ఎర్రర్ దారిలోకి ఆ ఒక్క రికార్డునే మళ్లిస్తుంది. ఈ గుణాన్ని నేను ఎంతో విలువైనదిగా భావిస్తాను. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి: పోల్చే టేబుల్‌ను ముందే మొత్తంగా మెమరీలోకి తెచ్చుకునే ఫుల్ క్యాష్ పద్ధతిలో లుకప్ (జోడు వెతికే పని) నడిపితే ఇంగ్లీషు పెద్ద, చిన్న అక్షరాలను వేరుగా చూస్తుంది. డేటాబేస్‌లో కలిసిన కోడ్‌లు ఇక్కడ కలవకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం.

తిరస్కరణ విషయంలో అత్యంత వివరంగా మాట్లాడేది పవర్‌సెంటర్. లోడ్ కాని రికార్డులను ప్రత్యేక రిజెక్ట్ ఫైలులో రాసి, ఒక్కో కాలమ్ పక్కన డేటా సరైనదైతే డీ, సంఖ్య పరిమితి దాటితే ఓ, ఖాళీ అయితే ఎన్, కత్తిరించినదైతే టీ అనే గుర్తు పెడుతుంది. లోడ్ నడిచిన తీరును నమోదుచేసే సెషన్ లాగ్‌లో చదివే రీడర్, మార్చే ట్రాన్స్‌ఫర్మేషన్, రాసే రైటర్ థ్రెడ్‌లు ఎంత శాతం పనిలో ఉన్నాయో కూడా చెబుతుంది కాబట్టి, ఆలస్యం డేటాబేస్‌దా మ్యాపింగ్‌దా అన్న వాదనకు అక్కడే తెర పడుతుంది. అయితే ఎన్ని దోషాల తర్వాత ఆగాలి అన్న అమరిక మొదట సున్నాగా ఉంటుంది, అంటే ఆగదని అర్థం. సెషన్ విజయవంతమైందని కనిపించినా రిజెక్ట్ ఫైలు తెరిచి చూడక తప్పదు.

కొత్తగా మొదలుపెట్టేవారికి మాత్రం పవర్‌సెంటర్‌ను నేను సూచించను. 10.5 వెర్షన్‌కు ప్రామాణిక మద్దతు గడువుగా 2026 మార్చి 31ని ప్రకటించారు, సంస్థ దృష్టి అంతా క్లౌడ్ వైపు మళ్లింది, ఇన్ఫర్మాటికాను 2025లో సేల్స్‌ఫోర్స్ కొనుగోలు చేసింది. ఉచితంగా దొరుకుతుందని చాలామంది ఆధారపడిన టాలెండ్ ఓపెన్ స్టూడియో కూడా 2024 జనవరి చివరితో ఆగిపోయింది. టార్గెట్ ఒరాకిల్ అయి, రాత్రిపూట దానికి తగినంత తీరిక ఉంటే డేటా ఇంటిగ్రేటర్‌నే ఎంచుకుంటాను. ఎస్‌క్యూఎల్ సర్వర్ లైసెన్సు ఇప్పటికే ఉన్నచోట ఎస్ఎస్ఐఎస్ చాలు. కానీ దాన్ని వేరే సర్వర్ మీద నడిపితే ఆ సర్వర్‌కూ లైసెన్సు కావాలి, ఆ ఖర్చును ముందే బడ్జెట్‌లో రాయించుకోండి.