పాత బండి ఆయిల్ చాంబర్ కారుతోందా? కార్క్ ప్యాకింగా, సిలికానా: ఏది మేలు?

ఒడిశాలోని రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో పాత జీపులకు చాంబర్, అంటే ఇంజను అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, దెబ్బ తినడం మామూలే. సుంకి ఘాట్ ఎక్కి పొట్టంగి దగ్గర పల్లెదారి పట్టామంటే, వానలకు మట్టి కొట్టుకుపోయి పైకి తేలిన రాళ్లు నేరుగా ఇంజను అడుగున తగులుతాయి. షెడ్డుకు తీసుకెళ్తే ఒక మేస్త్రి చాంబర్‌కూ ఇంజనుకూ మధ్య కార్క్ ప్యాకింగ్ (బెరడు పట్టీ) వేయమంటాడు. పక్క షెడ్డాయన, ప్యాకింగ్ ఎందుకు దండగ, ట్యూబులో వచ్చే సిలికాన్ గమ్ము పూస్తే చాలంటాడు. ఇద్దరూ చెప్పేది నిజమే, కాకపోతే ఒకే చాంబర్ గురించి కాదు.

అసలు కారేది చాంబరేనా అన్నది ముందు చూసుకోవాలి. ఇంజను పైనుండే ట్యాపెట్ కవర్ దగ్గర కారిన ఆయిల్ కూడా జారి జారి కింద చాంబర్ అంచునే చేరుతుంది. ఇంజను అడుగంతా డీజిల్‌తో కడిగి ఆరనిచ్చి, కాసేపు నడిపి, టార్చి వేసి చూడండి. గేర్‌బాక్స్ కలిసే చోట తడి కనిపిస్తే అది వెనక క్రాంక్ సీల్ (ఇంజను ఇరుసు చివర ఆయిల్ కారకుండా ఆపే రింగు) పని కావచ్చు. చాంబర్ దింపినా ఫలితం ఉండదు.

చాంబరే అని తేలితే ఒక అయస్కాంతం పెట్టి చూడండి. అతుక్కుంటే ఇనప రేకు, అతుక్కోకపోతే అల్యూమినియం పోత.

రేకు చాంబర్‌కు, అందులోనూ ప్యాకింగ్‌తోనే వచ్చిన పాత ఇంజనుకు, నా ఓటు కార్క్‌కే. ఏళ్ల తరబడి బోల్టులు బిగించి బిగించి రంధ్రాల చుట్టూ రేకు ఇంజను వైపుకి ఉబ్బి ఉంటుంది. ఆ ఎగుడుదిగుళ్లను మందంగా ఉండే కార్క్ కొంతవరకు సర్దుకుంటుంది, పూర్తిగా కాదు. చదునైన ఇనప దిమ్మ మీద అంచు పెట్టి, ఉబ్బిన చోట సుత్తితో మెల్లగా కొట్టి చదును చేయాల్సిందే. ఎంత మంచి ప్యాకింగ్ తెచ్చినా ఈ పని ఎగ్గొడితే మళ్లీ కారుతుంది. షెడ్డులో మీరు నిలబడి చేయించుకోవాల్సిన పని ఇదొక్కటే.

కార్క్‌తో ఇంకో సుఖం ఏమిటంటే, బండి ఆ సాయంత్రమే రోడ్డెక్కుతుంది. సంత రోజు ట్రిప్పు పోతే ఆ వారం కిస్తీ టెన్షన్ అనుకునే జీపు డ్రైవరుకు ఇది చిన్న విషయం కాదు. దాని బలహీనత కూడా తెలిసిందే: పాన దొరికింది కదా అని బలంగా తిప్పితే కార్క్ చీలిపోతుంది, లేదా బయటికి ఉబికి వస్తుంది. మధ్య బోల్టుల నుంచి మొదలుపెట్టి, అటొకటి ఇటొకటిగా చివరలకు వెళ్తూ, రెండు మూడు విడతల్లో బిగించాలి.

అల్యూమినియం పోత చాంబర్ సంగతి వేరు. దాని అంచును మెషీన్ మీద చదును చేసి ఉంటారు, చాలావాటికి కంపెనీవాళ్లే సిలికాన్ పూసి బిగిస్తారు. అక్కడ కార్క్ కంటే సిలికానే మేలు. కాకపోతే ఓపిక కావాలి. పాత గమ్మంతా ప్లాస్టిక్ గీకుడుతో తీసి, థిన్నర్‌తో తుడిచి, దాదాపు 3 మిల్లీమీటర్ల గీతను తెగకుండా, బోల్టు రంధ్రాలకు లోపలి వైపుగా గీయాలి. పైన బ్లాకు నుంచి ఒక్క ఆయిల్ చుక్క ఆ అంచు మీద పడినా అక్కడ పట్టదు. అందుకే ఆయిల్ వంపేశాక బండిని రాత్రంతా అలాగే వదిలేయడం మంచిది. పూశాక పది నిమిషాల్లోపే చాంబర్ ఎక్కించేయాలి. పూర్తిగా గట్టిపడడానికి మామూలుగా 24 గంటలు పడుతుంది, ట్యూబు మీద రాసిన గడువు చూసి ఆయిల్ పోయండి. ఎక్కువ పూస్తే ఇంకా గట్టిగా పట్టేస్తుందనుకోవద్దు. లోపలికి పొంగిన సిలికాన్ ముక్క ఊడి ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడితే ఇంజనే సీజ్ అవుతుంది.

ఇక కార్క్‌కు రెండు వైపులా సిలికాన్ దట్టంగా పూయడం మన దగ్గర బాగా అలవాటు. రెండింటి బలం కలుస్తుందని అనుకుంటారు, కానీ బిగిస్తుంటే కార్క్ ఆ జిగురు మీద జారి పక్కకు తప్పుకుంటుంది. సిలికాన్ కావాల్సింది మూలల్లో, ఇంజను ముందుండే టైమింగ్ కవర్ బ్లాకుకు కలిసే అతుకు దగ్గర, చిటికెడు మాత్రమే.

చాంబర్‌కు చిల్లు పడితే? ఎం-సీల్ ఇల్లు చేరడానికి పనికొస్తుంది, అంతవరకే. రేకుకైతే దింపి, కడిగి, గ్యాస్ వెల్డింగు పెట్టించండి. తర్వాత బయట సుద్దపొడి నీళ్లలో కలిపి పూసి, ఆరాక లోపల డీజిల్ పోసి ఉంచితే, సన్న రంధ్రం ఉన్నచోట తడి మరక తేలుతుంది. అడుగున లోతుగా సొట్ట పడితే తప్పకుండా బయటికి కొట్టించాలి, లేకపోతే జల్లెడకు ఆయిల్ సరిగా అందదు. పగిలిన అల్యూమినియానికి ఆర్గాన్ వెల్డింగు ఉందిగానీ, ఏళ్లుగా ఆయిల్ పీల్చిన పోతలో అతుకు నిలవడం కష్టం, వేడికి అంచు కూడా వంగుతుంది. సాలూరు, బరంపురం వైపు సెకండ్‌హ్యాండ్ చాంబర్ దొరికితే, అద్దం ముక్క మీద పెట్టి అంచు చూసుకుని, అదే కొనండి. డ్రైన్ బోల్టు మర మాత్రమే పోయిన చాంబర్‌ను పారేయొద్దు, లేత్ షాపులో కొత్త మర వేస్తారు.

బిగించాక కొన్ని రోజులు నడిపి, ఇంజను చల్లగా ఉన్నప్పుడు కార్క్ బోల్టులను ఒకసారి తడిమి చూసి, వదులైనవాటిని కొద్దిగా బిగించండి. సిలికాన్ వేసినవాటిని ముట్టుకోవద్దు, పట్టిన పొర తెగుతుంది.