బాక్స్ హిల్ "ఈజీ సర్క్యులర్ వాక్" టికెట్లు: అమ్మానాన్నలను తీసుకెళ్ళేవాళ్ళు డబ్బు కట్టేముందు ఇది చదవండి

లండన్, రెడింగ్, స్లౌ చుట్టుపక్కల తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక ప్రకటన తిరుగుతోంది. సర్రేలోని బాక్స్ హిల్‌లో సర్క్యులర్ వాక్, 8 కిలోమీటర్లు, చాలా ఈజీ, ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళు కూడా హాయిగా నడవొచ్చు, చంటిపిల్లల బండి కూడా వెళ్తుంది అని అందులో ఉంటుంది. దాన్ని నమ్మి టికెట్లు కొన్నవాళ్ళు మధ్యాహ్నానికి అడవి మధ్యలో కూలబడుతున్నారు. ఆ నడక 8 కిలోమీటర్లు కాదు, 8 మైళ్ళు. అంటే దాదాపు 13 కిలోమీటర్లు. అంకె అదే, కొలత మారింది.

అమ్మినవాళ్ళ పేరు ఇక్కడ రాయడం లేదు. పేరు మార్చి ఇంకొకరు ఇదే అమ్మొచ్చు కాబట్టి, ప్రకటనలో ఏది చూడాలో తెలుసుకోవడమే మనకు కావాలి.

ముందు సర్క్యులర్ అనే మాట చూద్దాం. చుట్టూ తిరిగి రావడం అనగానే మన పెద్దవాళ్ళకి గిరి ప్రదక్షిణ గుర్తొస్తుంది. సింహాచలంలో 32 కిలోమీటర్లు, అరుణాచలంలో 14 కిలోమీటర్లు. దూరం ఎంతైనా కొండని పక్కన పెట్టుకుని చాలావరకు రోడ్డు మీద సాగే నడక అది. ఇక్కడ సర్క్యులర్ అంటే బయల్దేరిన చోటికే తిరిగి రావడం, అంతే. మధ్యలో దారి లోయలోకి దిగుతుంది, ఎక్కుతుంది, మళ్ళీ దిగుతుంది. "అరుణాచలం తిరిగొచ్చాను, ఇదెంత" అని ధైర్యంగా వచ్చిన పెద్దాయనకి మూడో ఎత్తు దగ్గర మోకాళ్ళు మొరాయిస్తాయి. తప్పు ఆయనది కాదు. ఎంత ఎక్కాలో ప్రకటనలో ఎవరూ చెప్పలేదు.

బాక్స్ హిల్ ఎత్తు 224 మీటర్లే. అంకె చూస్తే చిన్నదే. కానీ అది ఒక్కసారి ఎక్కి దిగే ఎత్తు కాదు, ఒక రౌండులో ఎక్కినవన్నీ కూడాలి. అందుకే అమ్మేవాళ్ళని దూరంతో పాటు "మొత్తం ఎక్కాల్సిన ఎత్తు ఎన్ని మీటర్లు" అని అడగండి. జవాబు రాకపోతే వాళ్ళు ఆ దారి కొలవలేదని అర్థం.

బయల్దేరే చోటు కూడా అడగాలి. కారు పార్కింగు, విజిటర్ సెంటరు కొండ పైన ఉన్నాయి. అక్కడ మొదలుపెడితే ముందు దిగుడు, అలసిపోయాక చివర్లో ఎక్కుడు. రైల్లో వచ్చి బాక్స్ హిల్ అండ్ వెస్ట్‌హంబుల్ స్టేషన్లో దిగితే మీరు కొండ కింద ఉంటారు, ఎక్కుడు ముందే వచ్చేస్తుంది. పెద్దవాళ్ళు ఉంటే రెండోదే కాస్త నయం. ఓపిక చాలకపోతే పైన టీ తాగి, ఎవరిదైనా కారులో దిగిపోవచ్చు. మొదటి పద్ధతిలో ఓపిక అయిపోయేసరికి మీరు లోయలో ఉంటారు.

ఇక నేల సంగతి. ఇవి సుద్దకొండలు. కింద సుద్ద, పైన చాలాచోట్ల చెకుముకి రాళ్ళు కలిసిన బంకమట్టి. ఎండగా ఉన్నప్పుడు బాగానే ఉంటుంది. వాన పడితే సుద్ద మీద సన్నటి తెల్లటి పొర లేచి, తడిసిన సబ్బుబిళ్ళ మీద కాలు పెట్టినట్టు జారుతుంది. బంకమట్టి బూటు అడుగు గాళ్ళలో నిండిపోయి పట్టు తీసేస్తుంది. శరదృతువులో బీచ్ చెట్ల ఆకులు రాలి, పైకి లేచిన వేళ్ళని కప్పేస్తాయి. కొండ కింద ఉన్న మోల్ నది వైపు దిగేటప్పుడు రెండు వందలకు పైగా మెట్లు ఉంటాయి. ఇంటి మెట్లలా ఒకే కొలతలో ఉండవు. అంచుకి చెక్క, వెనక మట్టి. మట్టి కొట్టుకుపోయిన చోట చెక్క ఒక్కటే లేచి కాలికి తగులుతుంది. చాలామంది పడేది ఎక్కేటప్పుడు కాదు, ఇక్కడ దిగేటప్పుడే.

చెప్పులు, నున్నటి అడుగున్న వాకింగ్ షూస్ పనికిరావు. షూ తిరగేసి చూడండి. అడుగున గాళ్ళు 4–5 మిల్లీమీటర్ల లోతు ఉండాలి. నడక కర్రలు ఒక జత తీసుకుంటే మంచిది. ముంజేయి నేలకి సమాంతరంగా ఉండేలా పొడవు సరిచేసి, దిగుడు రాగానే ఇంకో 5 నుంచి 10 సెంటీమీటర్లు పెంచాలి. చీర కట్టుకునే అమ్మలకి మెట్ల మీద కుచ్చిళ్ళు కాలికి అడ్డం పడతాయి. ఆ ఒక్కరోజుకి సల్వారో ట్రాక్ ప్యాంటో వేసుకోమని బతిమాలండి.

"చంటిపిల్లల బండి కూడా వెళ్తుంది" అన్న మాట ఈ పెద్ద రౌండుకి అస్సలు నిజం కాదు. మెట్ల దారిలో బండి మోయాల్సిందే. ఇంగ్లండ్ పల్లె దారుల్లో కంచె దాటడానికి స్టైల్ అనే చెక్కమెట్లు, ఒక్కొక్కరుగా తిరిగి దాటే కిస్సింగ్ గేట్లు వస్తుంటాయి. బండి వాటిలో పట్టదు. గుంపు పెద్దదైతే అవి సమయాన్ని కూడా తినేస్తాయి. మనిషికి 15 సెకన్లు పట్టినా 40 మంది ఒక గేటు దాటడానికి 10 నిమిషాలు. అలాంటివి ఆరు వస్తే గంట పోయినట్టే.

సమయం లెక్క మీరే వేసుకోవచ్చు. నెయిస్మిత్ అనే స్కాట్లండ్ ఆయన 1892లో చెప్పిన సూత్రాన్నే నడిచేవాళ్ళు ఇప్పటికీ వాడతారు. 5 కిలోమీటర్లకి ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. 13 కిలోమీటర్లు, 400 మీటర్ల ఎక్కుడు అనుకోండి. దూరానికి 2 గంటల 36 నిమిషాలు, ఎక్కుడుకి 40 నిమిషాలు, మొత్తం 3 గంటల 16 నిమిషాలు. ఇది ఆరోగ్యవంతుడు ఎక్కడా ఆగకుండా నడిస్తే. పిల్లలు, పెద్దవాళ్ళు ఉన్న గుంపు గంటకి 3 కిలోమీటర్లు నడిస్తే గొప్ప. అప్పుడు దూరానికే 4 గంటల 20 నిమిషాలు. ఎక్కుడు, భోజనం, గేట్లు కలిపితే 6 గంటలు దాటుతుంది. డిసెంబరులో ఇక్కడ నాలుగు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు, చెట్ల కింద చీకటి ఇంకా ముందే పడుతుంది. 11:30కి మొదలుపెట్టి "నాలుగింటికల్లా కోచ్ ఎక్కేస్తాం" అని ప్రకటనలో ఉంటే ఆ లెక్క ఎవరూ వేయలేదన్నమాట. అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరిగాక ఇంకా జాగ్రత్త.

ప్రకటన ఫోటోలో మోల్ నది మీద రాళ్ళు దాటుతూ నవ్వుతున్న పిల్లలు కనిపిస్తారు. అది వేసవి. వానలు పడితే ఆ రాళ్ళు మునిగిపోతాయి. మునిగిన రాయి మీద పాచి ఉంటుంది, అంచు కనబడదు, ప్రవాహం ఎంత ఉందో పైనుంచి తెలియదు. అక్కడికి దగ్గర్లోనే కాలివంతెన ఉంది, దాని మీద వెళ్ళండి. "మా రూట్ రాళ్ళ మీదుగానే" అని పట్టుబట్టే గైడు మాట వినకండి. బయల్దేరేముందు రోజు ప్రభుత్వ వరద సమాచార వెబ్‌సైట్లో నది మట్టం చూసుకోవచ్చు.

టికెట్టుతో పాటు, లేదా విడిగా, "సీక్రెట్ రూట్" అని జీపీఎక్స్ ఫైల్ అమ్మేవాళ్ళూ ఉన్నారు. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. జీపీఎక్స్ ఫైల్ అంటే అక్షాంశ రేఖాంశాల వరస, మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. తెరిచి బిందువులు ఎన్ని ఉన్నాయో చూడండి. 13 కిలోమీటర్ల దారికి 40 బిందువులే ఉంటే ఒక్కోదానికి మధ్య సగటున 330 మీటర్ల పైనే. మధ్యలో వంపులన్నీ ఎగిరిపోయి సరళరేఖ మిగులుతుంది. ఆ రేఖ ఎవరి పొలంలోంచో, ముళ్ళకంచెలోంచో పోతుంది. నిజంగా నడిచి రికార్డు చేసిన ఫైల్లో సాధారణంగా ప్రతి బిందువుకీ సమయం, ఎత్తు ఉంటాయి. రెండూ లేవంటే కుర్చీలో కూర్చుని తెర మీద గీసింది కావచ్చు.

ఆ గీతని బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డినెన్స్ సర్వే వాళ్ళ ఎక్స్‌ప్లోరర్ 146 మ్యాపుతో పోల్చండి. డోర్కింగ్, బాక్స్ హిల్, రైగేట్ ప్రాంతం అందులోనే ఉంటుంది. 4 సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. ఆకుపచ్చ పొట్టి గీతలు నడిచేవాళ్ళకి చట్టబద్ధంగా ఉన్న దారి, ఆకుపచ్చ పొడుగు గీతలు గుర్రాలకీ సైకిళ్ళకీ కూడా ఉన్న దారి. నల్ల గీతలు ఊరికే నేల మీద కనిపించే బాట. దాని మీద నడిచే హక్కు ఉందని ఆ గీత చెప్పదు. దారి పక్క స్తంభాల మీద పసుపు బాణం కాలినడకకి, నీలం బాణం గుర్రాల దారికి. ఓక్ కాయ గుర్తు కనబడితే అది నార్త్ డౌన్స్ వే. ఫార్నమ్ నుంచి డోవర్ దాకా 246 కిలోమీటర్లు పోయే దారి అది. గుంపు నుంచి విడిపోయినవాళ్ళు ఆ గుర్తు పట్టుకుని నడిస్తే బయల్దేరిన చోటికి రారు. మ్యాపు ఫోన్లో ముందే దించుకోండి, లోయలో సిగ్నల్‌ని నమ్ముకోకూడదు.

అసలు ఈ దారికి టికెట్టే లేదు. 1914లో లియోపోల్డ్ సాలమన్స్ అనే ఆయన 16,000 పౌండ్లు పెట్టి ఈ కొండని కొని, ఇలాంటి చోట్లని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకి ఇచ్చేశారు. నడిచి వెళ్తే ఉచితం, పార్కింగుకి మాత్రం డబ్బు కట్టాలి. ట్రస్ట్ వాళ్ళే 8 మైళ్ళ రౌండుని అందరికీ ఉచితంగా పెట్టారు. మీరు కొంటున్నది కోచ్ సీటు, భోజనం, గైడు పని. కాబట్టి గైడు ఎవరో అడగండి. ఇంగ్లండ్‌లో ఇలాంటి కొండకి 18 ఏళ్ళు దాటినవాళ్ళని నడిపించడానికి లైసెన్సు అక్కర్లేదు, ఎవరైనా గైడు అనిపించుకోవచ్చు. అయినా మౌంటెన్ ట్రైనింగ్ వాళ్ళ లోలాండ్ లీడర్ అర్హత ఉందా, 16 గంటల ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్ ఉందా, వాళ్ళ తప్పు వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే పరిహారం ఇచ్చే పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ ఉందా, ట్రస్ట్ దగ్గర అనుమతి తీసుకున్నారా, ఎంతమందికి ఎంతమంది గైడ్లు, వెనక నడిచే మనిషి ఎవరు అని అడగండి. చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కానీ తప్పిపోయేది ఎప్పుడూ వెనకబడ్డవాళ్ళే.

డబ్బు విషయం. తేదీ ముందే ఖాయమైన వినోద కార్యక్రమాలకి, ఆన్‌లైన్లో కొన్నా, 14 రోజుల్లో రద్దు చేసుకునే హక్కు వర్తించదు. 24 గంటలు దాటని, రాత్రి బస లేని ట్రిప్పుకి ప్యాకేజీ ట్రావెల్ రక్షణ కూడా లేదు. అయితే 2015 కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ ప్రకారం, మీరు నమ్మి కొన్నప్పుడు వ్యాపారి చెప్పిన మాట ఒప్పందంలో భాగమే. "8 కిలోమీటర్లు, ఈజీ" అని రాసి 8 మైళ్ళు నడిపిస్తే ధర తగ్గించమని అడగొచ్చు. అందుకే ప్రకటన స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, తర్వాత డిలీట్ అయిపోతుంది. అమ్మినవాళ్ళతో పాటు కార్డు కంపెనీని కూడా బాధ్యుణ్ణి చేసే క్రెడిట్ కార్డు సెక్షన్ 75 రక్షణ ఒక్కో వస్తువు ధర 100 పౌండ్లు దాటితేనే. 28 పౌండ్ల టికెట్లు ఐదు కొని మొత్తం 140 అయినా లెక్కలోకి రాదు. కార్డుతో కడితే బ్యాంకుని ఛార్జ్‌బ్యాక్, అంటే కట్టిన డబ్బు అమ్మినవాళ్ళ దగ్గర్నుంచి వెనక్కి రప్పించమని అడగొచ్చు. ఎవరి సొంత ఖాతాకో ట్రాన్స్‌ఫర్ చేస్తే ఆ దారి కూడా మూసుకుపోతుంది. అలా కట్టమంటే కట్టకండి.

ఇప్పటికే కొనేసినవాళ్ళు దూరం, ఎక్కుడు, ముగిసే సమయం రాతపూర్వకంగా అడగండి. ప్రకటనకీ జవాబుకీ తేడా ఉంటే అదే మెసేజ్‌లో డబ్బు వెనక్కి అడగండి. ఒప్పుకోకపోతే సిటిజన్స్ అడ్వైస్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 0808 223 1133. ఎలాగైనా వెళ్ళాలనుకుంటే ప్రతి మనిషికీ లీటరు నీళ్ళు, తలకి కట్టుకునే టార్చి ఒకటి, ప్యాంటు సాక్సులోకి దోపుకోవడం. గడ్డిలో పేలలాంటి టిక్కులు ఉంటాయి. కుడితే చర్మానికి ఆనించి ట్వీజర్స్‌తో నిలువుగా లాగేయాలి, నలపకూడదు. తర్వాతి వారాల్లో అక్కడ గుండ్రటి ఎర్ర మచ్చ వస్తే టిక్కుల వల్ల వచ్చే లైమ్ వ్యాధి అనుమానంతో జీపీని (మీ ఫ్యామిలీ డాక్టర్ని) కలవాలి. యూ (yew) అనే చెట్ల ఎర్ర పండ్లు పిల్లల నోట్లో పడనివ్వకండి, గింజ విషం. ఎవరైనా పడి లేవలేకపోతే 999. మాట్లాడేంత సిగ్నల్ లేనప్పుడు ఎస్ఎంఎస్ పోవచ్చు కానీ, దానికి ముందే "రిజిస్టర్" అనే ఇంగ్లీషు మాటని 999కి పంపి నమోదు చేసుకుని ఉండాలి. ఆ పని ఇంట్లోనే చేసేయండి.

అమ్మానాన్నలకి కొండ చూపించడమే మీ కోరికైతే రౌండు అక్కర్లేదు. కారు పైన ఆపి, విజిటర్ సెంటరు నుంచి సాలమన్స్ స్మారకం దాకా నడవండి. చిన్న నడక, మెట్లు దిగక్కర్లేదు. అక్కడి నుంచి డోర్కింగ్ ఊరు, దాని వెనక దక్షిణంగా పరుచుకున్న పొలాలూ అడవులూ అన్నీ కనిపిస్తాయి. ఫ్లాస్కులో టీ, డబ్బాలో పులిహోర పట్టుకెళ్ళండి. గాలి బాగా కొడుతుంది, ఎండాకాలమైనా ఒక స్వెటరు ఎక్కువే పెట్టుకోండి.