మల్లేశ్వరంలో మంత్రగత్తెల నడకకు 750 రూపాయలు దండగ

బెంగళూరులో మెజెస్టిక్ దగ్గర లాడ్జీ బాగానే ఉంది. గదికి 1,400, ఉదయం తొమ్మిది దాకా వేడినీళ్లు. నా కోపమంతా మల్లేశ్వరంలో రాత్రిపూట నడిపిస్తూ మంత్రగత్తెల చరిత్ర చెబుతామన్న వాళ్ల మీదే. మనిషికి 750 చొప్పున నాకు, వదినకు, అన్నయ్య కూతురికి కలిపి 2,250 తీసుకున్నారు.

అమెరికాలోని సేలంలో మంత్రగత్తెలను సజీవంగా కాల్చేశారన్నాడు గైడు. అక్కడ 1692లో 19 మందిని ఉరి తీశారు, ఒక వృద్ధుణ్ని బండరాళ్ల కింద నొక్కి చంపారు. కాల్చింది ఎవరినీ లేదు. ఐరోపాలో 90 లక్షల మందిని చంపారని మరో మాట. చరిత్రకారుల అంచనా 40 నుంచి 60 వేలు, వారిలో ఎక్కువమంది స్త్రీలు. చనిపోయినవారి లెక్కయినా తెలుసుకోకుండా చరిత్ర పేరుతో డబ్బు తీసుకోవడం అన్యాయం.

ఆ పైన చీకటి మలుపులో స్పీకరు పెట్టి ఆడమనిషి అరుపులు వినిపించాడు. అందరూ నవ్వారు. వదిన నవ్వలేదు. ఆమెది మెదక్ వైపు. బాణామతి చేశారన్న అనుమానంతో మనుషుల పళ్లు ఊడగొట్టిన ప్రాంతం అది. పళ్లు లేకపోతే మంత్రం పలకదని నమ్మకం. "మా వైపు ఈ అనుమానంతోనే ప్రాణాలు తీశారు బాబూ, అది కూడా చెప్పు" అంది. సమయం అయిపోయిందన్నాడు. సగం డబ్బయినా వెనక్కివ్వమంటే ఫోను తీయడం మానేశారు. లాడ్జీకి చేరేదాకా వదిన మాట్లాడలేదు.

మర్నాడు ఎనిమిదో క్రాస్ దగ్గర పూలు కొంటుంటే మా తెలుగు విని ఒక పెద్దావిడ పలకరించారు. హిందూపురం నుంచి వచ్చి స్థిరపడ్డారట. తొంభైలలో బెంగళూరు తలుపుల మీద "నాళె బా" అని రాసుకున్న రోజులు ఆమెకు బాగా గుర్తున్నాయి. మన ఊళ్లలో "ఓ స్త్రీ రేపు రా" అని రాసినట్టే. రాత్రి వచ్చే మంత్రగత్తె ఇంట్లోవాళ్ల గొంతుతోనే పిలుస్తుందని, తలుపు తీస్తే చావేనని భయం. రేపు రమ్మన్న రాత చదివి వెళ్లిపోతుందట. ఆవిడ భర్తకు రాత్రి డ్యూటీ. గొంతును నమ్మలేక, కిటికీ ఊచ మీద ఉంగరంతో మూడుసార్లు కొడితేనే గడియ తీసేవారు. "వీధి చివర ఒంటరిగా ఉండే ముసలామెను మాత్రం అందరూ అనుమానంగా చూసేవాళ్లమమ్మా, పాపం" అన్నారు. డబ్బు తీసుకున్న గైడు నోట ఇలాంటి మాట ఒక్కటీ రాలేదు.

ఆ 750 మిగుల్చుకోండి. సంపిగె రోడ్డులో మెట్రో ఎక్కితే నాలుగో స్టేషను నేషనల్ కాలేజీ. ఆ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా పనిచేసిన హెచ్. నరసింహయ్య, బెంగళూరు విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్‌గా ఉండగా 1976లో మహిమలను, మూఢనమ్మకాలను పరీక్షించడానికి ఒక కమిటీ వేశారు. చేతబడి పేరుతో జరిగే అమానుషాలపై కర్ణాటక 2017లో చేసిన చట్టం 2020 జనవరిలో అమల్లోకి వచ్చింది. అన్నయ్య కూతురికి ఇవన్నీ అక్కడి వీధుల్లో నడుస్తూ వదినే చెప్పింది. తర్వాత గాంధీ బజారులో మసాలా దోసె తిన్నాం. ఆదివారమైతే తొమ్మిదిలోపే వెళ్లండి, ఆ తర్వాత కూర్చోవడానికి చోటు దొరకదు.