ఎనుక మూత తిప్పితె సెల్లు బయటికి రావాలె: పల్లిచేన్ల వాడిన టార్చి ముచ్చట

ల్యూమెన్లు (వెలుగు కొలత) ఎన్ని, పెట్టెల ఏమేం వచ్చినయి అనేటివి అందరు చెప్తనే ఉన్నరు, మల్ల నేను రాయను. చానా రోజులు వాడినంక నేను పట్టుకున్నది ఒక్కటే. చిన్న టార్చి కొనేటప్పుడు ఎనుక మూత తిప్పుండ్రి, సెల్లు బయటికి వస్తె కొనుండ్రి, రాకుంటె ఎంత ముద్దుగున్నా ఆడనే పెట్టుండ్రి. ఆ వచ్చిన సెల్లు గూడ మామూలు 18650 అయ్యుండాలె, అంటె 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడుగు, బయట ఎక్కడైనా దొరికేటిది. కొన్ని టార్చిలు సెల్లు తీయనిస్తయి గని ఆ కంపెనీ సెల్లు తప్ప వేరేది పెడితె వెలగయి, అవి గూడ లోపల సీలు వేసినట్టే లెక్క.

మాది అచ్చంపేట దిక్కు, నల్లమల అంచుకు చేను. 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు అయినంక మోటరు కోసం అర్ధరాత్రి లేచుడు తగ్గింది, అంతకుముందు మా నాయిన మూడు సెల్లుల ఎవరెడీ పట్టుకొని ఒడ్ల మీద తిరిగేటోడు. ఇప్పుడు రాత్రి పొయ్యేది పందుల కోసం. యాసంగి పల్లి ఊడలు దిగి కాయ పట్టిందంటె ఇగ నిద్ర బంద్. కుక్క కండ్లు, జింక కండ్లు లైటు పడితె మెరుస్తయి, ఆవు కండ్లు గూడ మెరుస్తయి, అడవిపందివి మెరవయి, ఎందుకంటె వెలుగును ఎనుకకు తిప్పికొట్టే పొర దాని కంట్ల ఉండదు. అందుకని కండ్లు చూసి పట్టుకుంట అంటె కుదరదు, నల్లటి ఆకారం కదిలింది కనిపించాలె. దాని మీదికెల్లి ఈ మధ్య పందుల కోసం చేన్లకు కరెంటు తీగలు కడుతుండ్రు, నేరమని తెలిసి గూడ, వాటికి తలిగి మనుషులే పోతున్నరు, కాబట్టి కాళ్ల ముందట వెలుగు లేకుండ ఎవ్వరు రాత్రి గట్టు దిగొద్దు.

నేను కొన్నది రెండున్నర వేల లోపు, అరచేతికి కొంచెం పొడుగు, అల్యూమినియంది. కంపెనీ పేరు రాయను, ఎందుకో కింద తెలుస్తది.

మొదట్ల దీన్ని నేను ఆకాశానికెత్తిన. మా ఊర్లె నలుగురికి చూపెట్టిన, ఐపీఎక్స్8 అని రాసి ఉంది, నీళ్లల్ల పడ్డా ఏం కాదని. నిజంగనే పడ్డది గూడ. స్ప్రింక్లర్ పైపులు మార్చుతుంటె, రెండు చేతులు పైపుకే కావాలె గద, సంకల పెట్టుకున్న టార్చి జారి బోరు కాడ నీళ్లు నిలిచిన గుంతల పడ్డది. బురద నీళ్లల్ల నుంచి ఎర్రగ వెలుగు కనిపిస్తనే ఉంది, చెయ్యి పెట్టి తీసిన, తుడిచిన, పని చేసుకున్న. ఆ రాత్రి గనక ఎవరన్న అడుగుంటె పదికి పదకొండు మార్కులు వేసేటోన్ని.

కథ అయిపోలేదు. కొన్నాళ్లకు చార్జింగ్ పెడితె ఎక్కుతలేదు. వైరు మార్చిన, ఫోను చార్జర్ మార్చిన, లాభం లేదు. చార్జింగ్ పిన్ను పెట్టే కాడ రబ్బరు మూత ఎండకు గట్టిపడి ఒక పక్క నెర్రె ఇచ్చింది, ఆ సందుల నుంచి నీళ్లు పొయ్యి లోపల పిన్నులు పచ్చగ చిలుము పట్టినయి. ఐపీఎక్స్8 అనేది ఆ మూత, లోపలి రబ్బరు రింగులు కొత్తగ ఉన్నన్ని రోజులే. అది పెట్టె మీద ఎవ్వరు రాయరు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తె "సార్, నీళ్లు పోతె వారంటీ రాదు" అన్నది ఆ అమ్మాయి. అదేందమ్మా, నీళ్లల్ల పడ్డా ఏం కాదని మీరే రాసిన్రు గద అంటె మల్ల అదే మాట, చదివినట్టు. ఆ పిల్ల తప్పేం లేదు, రాసిచ్చిన కాయితం చదువుతది. అచ్చంపేటల సెల్‌ఫోన్లు బాగు చేసే తమ్మునికి చూపెడితె "అన్నా, పోర్టు మార్చాలె, దీనికి సరిపొయ్యేది నా తాన లేదు" అన్నడు. తలతోక లేని కోపం వచ్చింది, ఇంటికి తెచ్చి అల్మారల పడేసిన.

ఆ తమ్ముడే మల్లోసారి పొయ్యినప్పుడు అడిగిండు, సెల్లు బయటికి వస్తదా అన్నా అని. వస్తది. అయితే చార్జర్ విడిగ కొనుక్కోరాదు అన్నడు. ఐదు వందలకు రెండు సెల్లులు పట్టే చార్జర్ వచ్చింది, 4.2 వోల్టులకు రాంగనే అదే బంద్ అయితది, ఎర్ర లైటు పోయి పచ్చ లైటు వస్తది. సెల్లు నిండింది, టార్చిల వేసిన, ఎప్పటి లెక్కనే వెలిగింది. అప్పటి నుంచి ఆ పోర్టు మీద ఎంసీల్ పెట్టి మూసేసిన, ఇప్పుడు నీళ్లు పొయ్యే తోవ్వనే లేదు, కొన్ననాటి కంటె గట్టిగుంది అంటె నమ్ముతరా.

అసలు లాభం ఆ తర్వాత తెలిసింది. రెండో సెల్లు జేబుల ఉంటె రాత్రి మంచె మీద ఉన్నప్పుడు సెల్లు అయిపోయిందని గుండె గుభేలుమనదు, మూత తిప్పి మార్చుకునుడే. మా మామ అదే టైముల సెల్లు లోపల సీల్ వేసింది కొన్నడు, చూస్తె నా దానికంటె సోకుగుంటది, ఇప్పుడది సగం రాత్రి గూడ ఆగుతలేదు, సెల్లు ముసలిదయింది, మార్చనీకి లేదు, పశువుల కొట్టంల చార్జింగ్‌కు పెట్టే ఉంచుతడు.

సెల్లు మాత్రం చూసి కొనుండ్రి. సెల్లుల ఎంత కరెంటు పడుతదో చెప్పే ఎంఏహెచ్ 9900 అని రాసి నూరు రూపాయలకు అమ్ముతరు, అంతా ఉత్తదే, ఈ సైజుల మంచి సెల్లు 3500 అటిటు ఉంటది. చేతిల పట్టుకుంటెనే తెలుస్తది, అసలుది 45 గ్రాములు పైన బరువుంటది, దొంగది తేలికగుంటది. పైన ప్లాస్టిక్ తొడుగు చినిగింది వాడొద్దు, విడి సెల్లు తాళంచెవులతోని ఒక్క జేబుల వేసుకోవద్దు, షార్ట్ అయితె తొడ కాలుతది. షార్ట్ అయితె ఆపే ప్రొటెక్షన్ సర్క్యూట్ ఉన్న సెల్లులు కొంచెం పొడుగుంటయి, కొన్నిట్ల పట్టయి, టార్చి తీస్కపొయ్యి పెట్టి చూసి కొనుండ్రి.

ఇగ వెలుగు సంగతి. మొదట్ల మస్తు పొగిడిన గని ఇప్పుడు అంత అనను. 1000 ల్యూమెన్లు అని రాసిండు, ఉంటది, కాకపోతె కొద్దిసేపే, ఒళ్లు కాలంగనే అదే తగ్గించుకుంటది, మా దిక్కు ఎండకాలం రాత్రులు సుత ఉడుకే గద. పెట్టె మీద గంటలు రాస్తరు చూడు, అది వెలుగు మొదటి దాంట్ల పదో వంతుకు పడిపొయ్యేదాక లెక్క. మీటర్లు రాసేది గూడ అంతే, ఆ దూరంల పున్నమి వెన్నెలంత పడితె చాలు వాళ్లకు, పందో పొదో తేలాలంటె దాంట్ల సగం అనుకోండ్రి. చైత్ర పున్నమికి నల్లమల లోపల సలేశ్వరం జాతరకు పొయ్యినప్పుడు రాళ్లల్ల దిగుతుంటె అన్నిటికంటె తక్కువ వెలుగే సరిపోయింది, ఎక్కువ పెడితె ముందటోళ్లు తిట్టిన్రు.

ఇంకోటి రంగు. నాది తెల్లగ, నీలం కొట్టే వెలుగు. షోరూంల భలే అనిపిస్తది. పల్లికట్టె కుప్ప కాడ ఎండిన ఆకుల మీద రక్తపింజర పడుకుంటె ఈ వెలుగుల ఆకు, పాము ఒక్కటే రంగు, ఒకసారి బుస కొట్టినంక కనిపించింది, ఒళ్లు జల్లుమన్నది. కొంచెం పసుపు దిక్కున్న 4000, 5000 కెల్విన్ (వెలుగు రంగు కొలత) వెలుగు, రంగులు ఎంత సరిగ చూపెడుతదో చెప్పే సీఆర్‌ఐ 90 పైన ఉన్నది, అసొంటిదైతే గోధుమ రంగులు విడివిడిగ తెలుస్తయి. మా బావమరిది తాన చూసిన, నాకంటె తక్కువ ల్యూమెన్లు, చేన్ల మాత్రం అదే నయం. బటన్ సుత నాకు నచ్చది, ఒత్తినప్పుడల్ల ఎక్కువ, తక్కువ, మిణుకు మిణుకు అని తిరుగుతది, పంది ఉరికొస్తుంటె ఆ మిణుకు మిణుకు ఎవనికి కావాలె.

మీరు ఇంటి కాడ, కరెంటు పోతె వాడనీకె అయితె రెండున్నర వేలు దండుగ, మూడు వందల చార్జింగ్ లైటు చాలు. బత్తాయి తోటలోళ్లు, దేవరకొండ దిక్కు డ్రిప్పు చూసుకునేటోళ్లకు రెండు చేతులకు పని ఉంటది కాబట్టి నెత్తికి పెట్టుకునేటిది మంచిదేమో, దాంట్ల గూడ 18650 పట్టేటివి దొరుకుతయి. నేను ఇంకోటి కొనేదుంటె పసుపు వెలుగుది, చార్జింగ్ పోర్టే లేనిది కొంట. ఇది ఖరాబైతదని చూస్తున్న గని అయితలేదు, అప్పటిదాక ఇంట్ల అడగనీకి నాకు మొఖం లేదు.