సప్పుడు తగ్గించి పికప్ తెచ్చిన మెకానిక్: ఎక్స్‌పల్స్‌తో నా ఏడాది అనుభవం

పోయిన ఎండాకాలం ముందు నుంచి ఇప్పటిదాకా నా హీరో ఎక్స్‌పల్స్ 200 4వీ బండిని ఆరుసార్లు ఈ షెడ్డుకు తీసుకెళ్లాను. నాలుగు పనులు చాలా బాగా చేశాడు, ఒకటి పర్వాలేదు, ఒకదాంట్లో పొరపాటు జరిగింది, అన్నీ రాస్తాను. షెడ్డు హన్మకొండ నుంచి ములుగు రోడ్డు వైపు వెళ్తుంటే ఒక సందులో ఉంటుంది. పేరు రాయొద్దని మెకానిక్ అన్నే అడిగాడు, తనూ ఒక కుర్రాడూ కలిసి చేసుకునే పని, ఇప్పటికే బండ్లు ఎక్కువయ్యాయట. మట్టి బాటల్లో బండి నడిపేవాళ్లని ఇక్కడ ఎవరిని అడిగినా దారి చెప్తారు.

అసలు అక్కడికి వెళ్లింది సైలెన్సర్ గొడవ వల్ల. బండి కొన్న మూడు నెలలకే ఊళ్లో ఒక యాక్సెసరీస్ షాపులో ఫ్రీ ఫ్లో సైలెన్సర్ (పొగ పెద్దగా అడ్డం లేకుండా బయటికి పోయేది) పెట్టించాను, 6,500 తీసుకున్నారు. బరువు తగ్గుతుంది, పికప్ పెరుగుతుంది, ఆఫ్-రోడ్ బండి కాబట్టి పోలీసులు కూడా ఏమీ అనరు అని చెప్పారు. మూడింటిలో బరువు మాట ఒక్కటే నిజం. మొదటి వారం నాకు కూడా బాగానే అనిపించింది, నిజం చెప్పాలి కదా. తర్వాత మొదలైంది. గేరు తగ్గించి యాక్సిలరేటర్ వదిలితే చాలు టపటపమని పేలుళ్లు, 38 ఇచ్చే మైలేజీ 31కి పడింది, ధర్మసాగర్ వైపు ఒక రాళ్ల ఎక్కుడు ఉంటుంది, అంతకుముందు రెండో గేరులో నిమ్మళంగా ఎక్కేవాణ్ని, ఇప్పుడు మొదటి గేరు వేసి రేజ్ చేస్తే తప్ప కదలడం లేదు. వీటన్నిటికన్నా మా పక్కింటి విషయం ఎక్కువ బాధ పెట్టింది. వాళ్లింట్లో నెలల పాప ఉంది. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి రాత్రి పదకొండు దాటుతుంది, బండి సప్పుడుకి పాప రోజూ ఉలిక్కిపడి లేచేదట, వాళ్లు నన్ను ఒక్క మాట అనలేదు, ఒకరోజు మా అమ్మతో చెప్పుకున్నారు. ఆ రోజు నుంచి వీధి మొదట్లోనే ఇంజిన్ ఆపేసి 158 కిలోల బండిని ఇంటిదాకా నెట్టుకొచ్చేవాణ్ని.

అన్న దగ్గరికి వెళ్లి పేలుళ్ల సంగతి చెప్తే టూల్స్ ఏమీ తీయలేదు. బండి స్టార్ట్ చేసి, ఒక తడి గుడ్డ ముద్ద చేసి సైలెన్సర్ మూతికి కొంచెం అడ్డం పెట్టి, నన్ను ముందుకు వంగి వినమన్నాడు. బెండు పైపు ఇంజిన్‌కి బిగించే చోట ఫుస్సు ఫుస్సుమని గాలి. కొత్త సైలెన్సర్ పెట్టినప్పుడు సందు లేకుండా మధ్యలో వేసే పాత గాస్కెట్‌నే మళ్లీ వాడారు, అది ఒకసారి నలిగాక సరిగ్గా కూర్చోదు. ఆ సందులోంచి పొగ బయటికి రావడమే కాదు, బయటి గాలి లోపలికి కూడా పోతుంది. ఆ పైపులోనే ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. దానికి ఆ గాలి తగిలితే ఇంజిన్‌కి పెట్రోల్ తక్కువైందని అనుకుంటుంది, ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, అదే ఈసీయూ, ఇంకాస్త పెట్రోల్ పోస్తుంది, మైలేజీ పోయేది అక్కడ. యాక్సిలరేటర్ వదిలినప్పుడు కాలకుండా మిగిలిన పెట్రోల్ ఆ గాలితో కలిసి వేడి పైపులో అంటుకుంటుంది, పేలుళ్లు అవే. ఇంత వివరంగా నాకు ఎవరూ చెప్పలేదు, కంపెనీ సర్వీసుకు రెండుసార్లు వెళ్లినా.

పికప్ ఎందుకు పోయిందో కూడా అడిగాను. పైపు వెడల్పు, పొడవు, సైలెన్సర్ లోపలి అరలు అన్నీ ఆ ఇంజిన్‌కి లెక్క కట్టి పెట్టినవి, పొగ ఏ వేగంతో బయటికి పోవాలో దాన్నిబట్టి కింది ఆర్‌పీఎంలో, అంటే ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు, లాగుడు ఉంటుంది. అన్నీ తెరిచేస్తే పైన ఆర్‌పీఎంలో ఏమన్నా కొంచెం కలిసొస్తుందేమో కానీ కింద లాగుడు పోతుంది. గుట్టల్లో, బురదలో, ఇసుకలో మనకు కావాల్సింది కిందిదే కదా. "సప్పుడు పెరిగితే పికప్ పెరిగినట్టు కాదు తమ్మీ, నీ చెవులు మోసపోయినయ్" అన్నాడు. మూతిలో సప్పుడు తగ్గించే డీబీ కిల్లర్ పెట్టి, లోపల సప్పుడు పీల్చే గ్లాస్ వూల్ కొత్తది చుట్టించి ఇదే సైలెన్సర్ వాడుకుందామా అని బతిమాలాను, డబ్బులు పెట్టాను కదా మరి. విప్పి చూపించాడు. లోపల గ్లాస్ వూల్ ఎప్పుడో కాలి ఎగిరిపోయింది, చిల్లుల పైపు ఒక్కటే మిగిలింది. మళ్లీ చుట్టొచ్చు కానీ కొన్నాళ్లకు మళ్లీ కాలుతుంది, పాతది ఉందా అని అడిగాడు. ఇంట్లో అటక మీద ఉందన్నాను. "రేపు పట్టుకరా."

పాత కంపెనీ సైలెన్సర్ తిరిగి బిగించడం, కొత్త గాస్కెట్, బోల్టులకు వేడిని తట్టుకునే గ్రీజు, మొత్తం 470 అయింది. పేలుళ్లు ఆ రోజే ఆగిపోయాయి. రాళ్ల ఎక్కుడు మళ్లీ రెండో గేరులో. ఇప్పుడు రాత్రి ఇంటి గేటు దాకా నడుపుకుంటూ వస్తున్నాను, పాప లేవడం లేదని పక్కింటి అక్క తనే చెప్పింది, ఆ మాట విని ఎంత తేలికైందో చెప్పలేను.

ఇది చదివేవాళ్లలో చాలామందికి ఆఫ్-రోడ్ బండికి సప్పుడు ఉంటే ఏమవుతుంది అనే ఆలోచన ఉంటుంది, నాకూ ఉండేది, అందుకని చట్టం సంగతి రాస్తున్నా. నంబర్ ప్లేటు ఉన్న బండి ఏదైనా రోడ్డు బండే. 175 సీసీ దాటిన టూవీలర్‌కి కంపెనీ నుంచి బయటికొచ్చేటప్పుడు సప్పుడు పరిమితి 80 డెసిబెల్స్, మన 199.6 సీసీ బండి దాని కిందికే వస్తుంది. మోటారు వాహనాల చట్టం 190(2) ప్రకారం సప్పుడు, పొగ నియమాలు దాటిన బండి నడిపితే మొదటిసారే 10,000 దాకా జరిమానా లేదా మూడు నెలల దాకా జైలు లేదా రెండూ, దాంతోపాటు లైసెన్సు మూడు నెలలు పోతుంది. 2019 సవరణలో వచ్చిందిది. ఓనరు బండిని రూల్స్‌కి విరుద్ధంగా మార్పిస్తే 182ఏ కింద ఒక్కో మార్పుకి 5,000 జరిమానా విడిగా ఉంది. ఆసుపత్రులు, స్కూళ్లు, కోర్టుల చుట్టూ కనీసం 100 మీటర్లు సైలెంట్ జోన్‌గా ప్రకటించొచ్చు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ముందు నుంచి రోజూ వెళ్లేవాళ్లు ఆ వార్డుల్లో పడుకున్నవాళ్లని ఒకసారి తలుచుకోండి. పది డెసిబెల్స్ పెరిగితే మన చెవికి దాదాపు రెట్టింపు సప్పుడులా వినపడుతుంది, కాగితం మీద చిన్న అంకెలా కనిపిస్తుంది కానీ చిన్నది కాదు. ఆ మాటకొస్తే మట్టిలో జరిగే అసలైన మోటోక్రాస్, ఎండ్యూరో బైకు పోటీల్లో కూడా సప్పుడు కొలుస్తారు, పరిమితి దాటిన బండికి ఒప్పుకోరు.

అన్న చెప్పినవాటిలో నాకు బాగా గుర్తుండిపోయింది ఇంకొకటి. మనం తిరిగేది ఎవరి బాటలు? రైతులు చెలకలకు పోయే బండ్ల బాటలు, చెరువు కట్టలు, మొరం రోడ్లు. బర్రెలు బెదిరి కట్టు తెంచుకుని వరిలో పడితే ఆ నష్టం ఎవరు కడతారు? పరకాల వైపు ఒక ఊళ్లో ఇట్లాగే ఒక గ్యాంగు సప్పుడు బండ్లతో రెండు ఆదివారాలు తిరిగితే ఆ బాటకు అడ్డంగా ముళ్లకంప వేశారట, ఇప్పుడు ఎవరికీ దారి లేదు. అడవి సంగతి వేరే చెప్పాలి. ఏటూరునాగారం అభయారణ్యంలో రోడ్డు దిగి బాటలు తొక్కడం తప్పు, దిగొద్దు. రోడ్డు మీదైనా సరే, తాడ్వాయి దాటాక ఫిబ్రవరి, మార్చిలో టేకాకు రాలి మోకాలెత్తు పడి ఉంటుంది, కాలుతున్న బెండు పైపుతో ఆ ఆకుల మీద బండి ఆపితే అంటుకోవడానికి ఎంతసేపు. అమెరికాలో జాతీయ అడవుల్లో తిరిగే బండ్ల సైలెన్సర్‌లో నిప్పురవ్వలు బయటికి రాకుండా స్పార్క్ అరెస్టర్ తప్పనిసరి. మన దగ్గర లోపల ఏమీ లేని ఖాళీ డొప్పలు పెట్టుకుని ఎండాకాలం ములుగు అడవుల్లోకి వెళ్తున్నాం.

ఇక మిగతా సర్వీసు.

ఎయిర్ ఫిల్టర్: భూపాలపల్లి వైపు బొగ్గు లారీల వెనక ఒక్క రోజు తిరిగి వస్తే చాలు, ఫిల్టర్ నల్లగా అయిపోతుంది. నేను ప్రతిసారీ పంక్చర్ షాపులో గాలి కొట్టించుకునేవాణ్ని. నూనె పూత ఉన్న పేపర్ ఫిల్టర్‌కి అట్లా చేయకూడదట, పూత పోయి సన్నటి దుమ్ము నేరుగా ఇంజిన్‌లోకి వెళ్తుంది, మార్చడమే. చెయిన్ విషయంలో అన్న చేసిన పని వేరే ఎక్కడా చూడలేదు. వెనక సస్పెన్షన్ 170 మిల్లీమీటర్లు కదిలే బండి ఇది, స్టాండ్ మీద పెట్టి చెయిన్ బిగిస్తే మనిషి కూర్చుని గుంతలో పడినప్పుడు చెయిన్ తీగలా బిగుసుకుపోయి బేరింగులు, స్ప్రాకెట్ (చెయిన్ తిరిగే పళ్ల చక్రం) తినేస్తుంది. అందుకని నన్ను కూర్చోబెట్టి, వెనక ఇంకొకరిని కూర్చోబెట్టి, అప్పుడు కూడా కొంచెం లూజు ఉండేలా పెట్టాడు. చక్రం పుల్లలు ఒక్కోదాన్ని స్పానర్‌తో కొట్టి విన్నాడు, టింగుమంటే సరిగ్గా ఉన్నట్టు, టక్కుమంటే లూజు. నా వెనక చక్రంలో అయిదు లూజు ఉన్నాయి. చాలామంది మెకానిక్‌లు పుల్లల జోలికే పోరు, రిమ్ము వంకర పోయాక చూస్తారు.

వానాకాలం తర్వాత ముందు ఫోర్కుల (ముందు చక్రం సస్పెన్షన్) నుంచి ఆయిల్ కారుతుంటే సీళ్లు, ఫోర్క్ ఆయిల్ మార్చాడు, సామానుతో కలిపి 2,300. మడి బురద ఫోర్కు రాడ్డు మీద ఎండిపోతే అది సీలుని కోస్తుంది, ఇంటికి రాగానే రాడ్లు తడి గుడ్డతో తుడవాలి అని చెప్పాడు, ప్రెషర్ వాటర్ మాత్రం చక్రాల బేరింగులు, హ్యాండిల్ తిరిగే చోటి కోన్ సెట్ మీద కొట్టొద్దన్నాడు. అప్పటి నుంచి కారలేదు.

మార్పుల విషయంలో చేతికి ఎముక లేనట్టు ఖర్చు పెట్టించే రకం కాదు. ఇంజిన్ కింద రాళ్లు తగలకుండా బాష్ ప్లేటు పెట్టించుకోమన్నాడు, లివర్లు పడినప్పుడు విరగకుండా క్లాంపులు కొంచెం తిరిగేలా లూజు ఉంచాడు, హ్యాండిల్ కొంచెం ఎత్తు చేయించాడు నిలబడి నడిపేటప్పుడు నడుం వంగకుండా. ముందు స్ప్రాకెట్ ఒక పన్ను తగ్గించాడు, ఎక్కుడుల్లో దీనివల్ల వచ్చిన తేడా ఆ 6,500 సైలెన్సర్‌తో కలలో కూడా రాలేదు, అయితే హైవే మీద 80 దాటాక ఇంజిన్ ఎక్కువ తిరుగుతుంది, హైదరాబాద్ తరచూ పోయేవాళ్లు ఆలోచించుకోండి. మట్టిలో దిగేముందు టైర్ల గాలి 20 పీఎస్‌ఐకి దించమంటాడు, మరీ దించితే రాళ్ల మీద ట్యూబు నలిగి రెండు చోట్ల కోసుకుపోతుంది. తిరిగి రోడ్డెక్కే ముందు నింపుకోవడానికి చేతి పంపు దగ్గర పెట్టుకోవాలి.

బాగోలేనివి కూడా రాయాలి. ఫోన్ ఎత్తడు, పని మధ్యలో ఎత్తడట. బిల్లు కాగితం మీద చేత్తో రాసిస్తాడు, అంతే. రేపు ఇస్తానంటే ఎల్లుండి అనుకోండి, ఫోర్క్ పనికి నాలుగు రోజులు పట్టింది, డ్యూటీకి బస్సులో వెళ్లాను. ఆ పని తర్వాత ఎడమ వైపు నకిల్ గార్డ్ (హ్యాండిల్ దగ్గర చేతికి అడ్డంగా ఉండేది) బోల్టు బిగించడం మర్చిపోయారు, రామప్ప దారిలో ఊడి వేలాడింది, తిరిగి వెళ్లి చూపిస్తే కుర్రాణ్ని అనకుండా తప్పు తనదేనని చెప్పి, డబ్బులు తీసుకోకుండా మిగతా బోల్టులన్నీ కూడా చూసి పంపాడు. స్కానర్ లేదు, ఈసీయూలో ఏదైనా ఎర్రర్ వస్తే కంపెనీకే వెళ్లమంటాడు. కూర్చోవడానికి చోటు కూడా లేదు, ఎండాకాలం మధ్యాహ్నం ఆ రేకుల కింద నిలబడటం కష్టం.

నేనైతే నా బండి ఇంకెక్కడికీ తీసుకెళ్లను. మీరు వెళ్తే ఆదివారం వద్దు, మంగళ, బుధవారాల్లో పొద్దున తొమ్మిదింటికల్లా వెళ్లండి. గాస్కెట్, ఫిల్టర్, సీళ్లు ముందే షోరూంలో కొనుక్కుని వెళ్తే ఒక రోజు కలిసొస్తుంది. సైలెన్సర్ మార్చి ఉంటే పాతది కూడా వెంట తీసుకెళ్లండి, ఎట్లాగూ అడుగుతాడు.