నాజీలు దోచిన బొమ్మలు ఎవరివో వెతికే రెండు సైట్లు: నా రివ్యూ

పాత పెయింటింగుల వెనక కథలు తవ్వడం సరదా ఉన్నవాళ్లకి, లేదా యూరప్‌లోనో అమెరికాలోనో ఉంటూ వేలంలో పాత బొమ్మ ఒకటి కొందామనుకుంటున్నవాళ్లకి ఈ రివ్యూ. 1933 నుంచి 1945 దాకా నాజీలు యూదు కుటుంబాల దగ్గర లాక్కున్నవి, లేదా భయపెట్టి కారుచౌకగా అమ్మించినవి లక్షల్లో ఉన్నాయి. అవి అసలు ఎవరివో ఆరా తీయడానికి ఉచిత సైట్లు చాలానే ఉన్నా నేను ఎక్కువగా తిరిగేది రెండిట్లోనే. ఒకటి జర్మనీ వాళ్ల లాస్ట్ ఆర్ట్ డేటాబేస్, రెండోది పారిస్ దోపిడీ మీద పెట్టిన ఈఆర్ఆర్ డేటాబేస్. ముందే చెప్పేస్తున్నా, నా ఓటు రెండోదానికే.

ఈఆర్ఆర్ అంటే ఆల్ఫ్రెడ్ రోజెన్‌బర్గ్ అనే నాజీ నాయకుడి కింద నడిచిన దోపిడీ దళం. 1940-44 మధ్య పారిస్‌లో యూదుల ఇళ్లు, గ్యాలరీలు, లాకర్లు ఖాళీ చేసి సరుకు చాలావరకు జూ ద పోమ్ మ్యూజియంలో చేర్చారు. చేసింది దొంగతనమే అయినా లెక్కలు మాత్రం పక్కాగా రాసుకున్నారు. ఒక్కో వస్తువుకీ ఒక కార్డు, ఒక కోడు. ఆర్ అని ఉంటే బాగా డబ్బున్న బ్యాంకర్లైన రోత్‌షీల్డ్ కుటుంబానిది, డీడబ్ల్యూ అని ఉంటే దావీద్-వెయ్ వాళ్లది. ఆ కార్డుల్నీ ఫొటోల్నీ అమెరికా, జర్మనీ, ఫ్రాన్స్ ఆర్కైవుల నుంచి తెచ్చి, యూదు బాధితుల పరిహారం కోసం పనిచేసే క్లెయిమ్స్ కాన్ఫరెన్స్ అనే సంస్థ, వాషింగ్టన్ హోలోకాస్ట్ మ్యూజియం కలిసి 2010లో ఆన్‌లైన్‌లో పెట్టాయి. మొదలుపెట్టినప్పుడే 20,000 పైచిలుకు వస్తువులున్నాయి.

చిత్రకారుడి పేరు కొట్టినా, యజమాని పేరు కొట్టినా, కోడు కొట్టినా ఎంట్రీ వచ్చేస్తుంది. ఎవరి దగ్గర లాక్కున్నారు, కొలతలెంత, ఫ్రాన్స్‌కి ఎప్పుడు తిరిగొచ్చింది, కుటుంబం చేతికి అసలు అందిందా లేదా, తెలిసినంత వరకు అన్నీ ఒక్కచోటే ఉంటాయి. నాకు ఇది నచ్చడానికి కారణం ఒకటే. ఇప్పుడెవరో వచ్చి "ఇది మా తాతది" అని చెప్పే మాట కాదిది, దోచుకున్నవాడు తన చేత్తో రాసుకున్న లెక్క. దానితో ఎవరు వాదిస్తారు?

ఎంఏ-బీ అనే కోడు ఉన్న ఎంట్రీలు మాత్రం చూస్తుంటే మనసు పాడైపోతుంది. పశ్చిమ యూరప్‌లో యూదులు పారిపోయిన, లేదా వాళ్లని క్యాంపులకి తరలించేసిన దాదాపు 70,000 ఇళ్ల నుంచి మంచాలూ గిన్నెలతో సహా ఊడ్చుకుపోయినప్పుడు దొరికిన బొమ్మలవి. ఇల్లు ఎవరిదో రాసుకోవాల్సిన అవసరం వాళ్లకి కనబడలేదు. దాంతో బొమ్మ ఉంటుంది, కొలత ఉంటుంది, యజమాని పేరు ఉండదు. రోత్‌షీల్డ్‌లకి కనీసం కోడైనా దక్కింది, మామూలు మధ్యతరగతి వాళ్లకి అదీ లేదు.

ఈ సైటుకి ఉన్న లోటల్లా పరిధే. ఈఆర్ఆర్ చేతుల మీదుగా వెళ్లినవే ఇందులో ఉంటాయి, వియన్నాలోనో బెర్లిన్‌లోనో పోయిన బొమ్మ కోసం ఇక్కడ వెతికి లాభం లేదు.

అలాంటప్పుడు లాస్ట్ ఆర్ట్‌కి వెళ్లాల్సిందే. మాగ్డెబుర్గ్ నుంచి నడిచే ఈ సైటు 2000 నుంచి ఉంది. పోగొట్టుకున్నవాళ్లు పెట్టే ప్రకటనలు ఒక వైపు, "మా దగ్గర ఇది ఉంది, చరిత్ర అనుమానంగా ఉంది" అని మ్యూజియాలు పెట్టేవి ఇంకో వైపు. మ్యూనిక్‌లో, నాజీలకి బొమ్మలు కొనిపెట్టిన వ్యాపారి కొడుకు గుర్లిట్ ఫ్లాట్‌లో దాచిన బొమ్మల సంగతి 2013లో బయటపడ్డాక అనుమానం ఉన్నవాటిని జర్మనీ ప్రభుత్వం ఇందులోనే పెట్టింది.

ఇక్కడ జాగ్రత్త అవసరం. ఎంట్రీ ఉందంటే ఎవరో అడుగుతున్నారని అర్థం, అంతే. రుజువైపోయిందని కాదు. ఆకెన్‌బాఖ్ గీసిన ఒక ఇటలీ తీర దృశ్యం ఇలాగే లిస్టులో ఉంటే, దాన్ని తీసేయమని ఇప్పటి యజమాని జర్మనీ సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. ఎంట్రీ వల్ల ఆయన హక్కుకి భంగమేమీ లేదని 2023లో కోర్టు తేల్చింది. నాకు సబబే అనిపించింది కానీ, అలాంటి బొమ్మని అమ్మడం ఎంత తలనొప్పో ఊహించుకోండి. పైగా చాలా ఎంట్రీలకి ఫొటో ఉండదు. చిత్రకారుడి పేరు, "ప్రకృతి దృశ్యం, నూనె రంగులు", అయిపోయింది. దాన్ని పట్టుకుని ఏ బొమ్మని గుర్తుపడతాం?

ఒక చిట్కా: బొమ్మ పేరుతో వెతక్కండి, పేర్లు చేతులు మారినప్పుడల్లా మారతాయి. చిత్రకారుడు, కొలతలు, వెనక ఉన్న నంబర్లు, చీటీలు, పాత రిపేర్లు, ఇవే ఆధారం. గుర్లిట్ బొమ్మల్లో తోమా కుత్యూర్ గీసిన ఒక యువతి చిత్రం ఫ్రాన్స్ యూదు నాయకుడు జార్జ్ మాండెల్‌దని తేలింది దేనివల్లనుకున్నారు? ఆమె ఛాతీ దగ్గర గుడ్డకి పడి, తర్వాత పూడ్చిన చిన్న చిల్లు వల్ల. ఆ చిల్లు సంగతి యుద్ధం తర్వాత మాండెల్ సహచరి చెప్పి ఉంచింది. 2019లో బొమ్మ కుటుంబానికి చేరింది.

అలాగని వెతికి ఏమీ దొరకలేదు కదా అని ధీమాగా కొనెయ్యకండి. స్థలం కొనేటప్పుడు ఈసీ క్లీన్‌గా వచ్చినా గొడవలు బయటపడతాయి కదా, ఇదీ అంతే. అడగడానికి కుటుంబంలో ఎవరూ మిగలకపోతే లిస్టులో ఎవరు పెడతారు? ఆమ్‌స్టర్‌డామ్ వ్యాపారి హౌడ్‌స్టికర్ 1940లో పారిపోతూ ఓడలోనే చనిపోయాడు కానీ, 1,100కి పైగా బొమ్మల వివరాలున్న నోటుబుక్కు ఆయన జేబులో ఉంది కాబట్టి వారసులు అడగగలిగారు. 2006లో డచ్ ప్రభుత్వం 202 తిరిగిచ్చింది. 2025లో కూడా ఆయన సేకరణలోని ఒక చిత్రం అర్జెంటీనాలో ఇల్లు అమ్మకం ప్రకటన ఫొటోలో, సోఫా పైన గోడకి వేలాడుతూ డచ్ విలేకరుల కంట పడింది! అంత నోటుబుక్కు ఎంతమందికి ఉంటుంది?

బలవంతపు వేలాల్లో పోయినవాటికి హైడెల్‌బర్గ్ యూనివర్సిటీ లైబ్రరీ స్కాన్ చేసి పెట్టిన ఆనాటి వేలం కేటలాగులు కూడా చూడండి, అవీ ఉచితమే, కాకపోతే జర్మన్ కొంచెం తెలియాలి.

మార్కులంటారా, ఈఆర్ఆర్‌కి ఐదుకి నాలుగున్నర. లాస్ట్ ఆర్ట్‌కి మూడున్నర, ఫొటోలు పెరిగితే నాలుగు వేస్తాను.